పట్టుకోని ఎర్రర్ ఎక్కడికి పోతుంది? పిన్ని పాల బిల్లు నుంచి ఏరియాన్ రాకెట్ దాకా

ఈ మెసేజ్ మీ ఫోన్లలో ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. ఏదో యాప్ తెరుస్తారు, ఏదో బటన్ నొక్కుతారు, స్క్రీన్ మినుక్కుమని యాప్ మాయమైపోతుంది. హోమ్ స్క్రీన్ మీద చిన్న డబ్బా కనిపిస్తుంది, యాప్ ఆగిపోయిందని. మనం తిట్టుకుని మళ్లీ తెరుస్తాం. అంతే కదా?

ఆ డబ్బా వెనకాల నిజంగా ఏం జరిగిందో ఈరోజు చూద్దాం. యాప్ లోపల ఎక్కడో అట్టడుగున ఒక చిన్న ఫంక్షన్‌లో తప్పు జరిగింది. ఆ ఫంక్షన్ దాన్ని పట్టుకోలేదు. దాన్ని పిలిచిన ఫంక్షన్ కూడా పట్టుకోలేదు. దాన్ని పిలిచినదీ పట్టుకోలేదు. అలా మెట్టు మెట్టు ఎక్కుతూ పైదాకా వచ్చింది. పైన కూడా ఎవరూ లేకపోయేసరికి ఆండ్రాయిడ్ ఆ యాప్‌ని మూసేసింది.

ఈ టాపిక్ ఎందుకంటే, కోడింగ్ నేర్చుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "అన్నా, నా ఫంక్షన్‌లో ఏ తప్పూ లేదు, అయినా ఎర్రర్ నా లైన్ చూపిస్తోంది, ఎందుకు?" అని. దీనికి జవాబు చెప్పాలంటే నేను చేసిన ఒక పాడు పని గురించి కూడా చెప్పాలి. చెప్తాను.

మా పిన్ని ఊళ్లో పాల కేంద్రం నడుపుతుంది. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట రైతులు వచ్చి పాలు పోస్తారు. ఎన్ని లీటర్లు, ఫ్యాట్ ఎంత, రెండూ రాసుకుంటారు. పదిహేను రోజులకొకసారి బిల్లు. లెక్క సులువే. ఫ్యాట్ ఒక్కో పాయింటుకి 8 రూపాయలనుకోండి. 4 లీటర్లు పోశారు, ఫ్యాట్ 6.5 వచ్చింది. 6.5 ఇంటూ 8 అంటే లీటరుకి 52 రూపాయలు, నాలుగు లీటర్లకి 208. ఇలాంటివి నలభై మందికి, రోజుకి రెండు పూటలు, పదిహేను రోజులు. పిన్ని క్యాలిక్యులేటర్ పట్టుకుని రాత్రి పదకొండు దాకా కూర్చునేది. నేను పైథాన్ కొత్తగా నేర్చుకున్నాను, ఇక ఆగుతానా? "పిన్నీ, నేను ప్రోగ్రామ్ రాసిస్తా, ఒక్క నిమిషంలో అయిపోతుంది" అన్నాను.

మూడు ఫంక్షన్లు రాశాను. ఒకటి "బిల్లు". అది ఒక్కో రైతునీ తీసుకుని రెండోదాన్ని పిలుస్తుంది. దాని పేరు "రైతు లెక్క". అది ఆ రైతు పోసిన ఒక్కో పూటకీ మూడోదాన్ని పిలుస్తుంది. దాని పేరు "పూట డబ్బు". పూట డబ్బు అనేది ఫైల్లో ఒక వరస తీసుకుని, అక్షరాల్లో ఉన్న ఫ్యాట్‌ని అంకెగా మార్చి, గుణించి, రూపాయలు తిరిగి ఇస్తుంది. ప్రొసీజర్ అన్నా, ఫంక్షన్ అన్నా, మెథడ్ అన్నా ఇక్కడ మన పనికి ఒకటే.

బిల్లు రైతు లెక్కని పిలిచినప్పుడు, బిల్లు ఆ లైన్ దగ్గరే ఆగిపోతుంది. "నువ్వు వెళ్లి జవాబు తీసుకురా, నేను ఇక్కడే ఉంటా" అన్నట్టు. రైతు లెక్క పూట డబ్బుని పిలిచాక అదీ తన లైన్ దగ్గర ఆగిపోతుంది. ఇప్పుడు నిజంగా పని చేస్తున్నది పూట డబ్బు ఒక్కటే, మిగతా రెండూ ఎదురుచూస్తున్నాయి. ఎవరు ఏ లైన్ దగ్గర ఆగారు, ఎవరి చేతిలో ఏ విలువలు ఉన్నాయి అన్నది కంప్యూటర్ ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టుకుంటుంది. దాన్నే కాల్ స్టాక్ అంటారు. టిఫిన్ సెంటర్లో కడిగిన ప్లేట్లు పేర్చినట్టే, చివర పెట్టింది ముందు తీయాలి.

అంతా బాగుంటే పూట డబ్బు 208 అని తిరిగి ఇస్తుంది, దాని ప్లేటు తీసేస్తారు, రైతు లెక్క ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలవుతుంది. ఇది మామూలు దారి.

ఇప్పుడు ఒక పూట కరెంటు పోయింది. ఫ్యాట్ చూసే మెషీన్ పనిచేయలేదు. అక్కడ పనిచేసే కుర్రాడు ఫ్యాట్ గడిలో ఏమీ రాయకుండా వదిలేశాడు. మన ప్రోగ్రామ్ ఆ ఖాళీ గడిని అంకెగా మార్చబోయింది. ఖాళీని అంకెగా ఎలా మారుస్తారు? పైథాన్ "వాల్యూ ఎర్రర్" అంటుంది.

ఆ క్షణంలో పూట డబ్బు అక్కడికక్కడే ఆగిపోతుంది. కింద ఇంకా మూడు లైన్లు ఉన్నా అవి నడవవు. తిరిగి ఇచ్చే విలువ కూడా ఏమీ ఉండదు. సున్నా కాదు, ఖాళీ కాదు, అసలు జవాబే లేదు. ముందు పైథాన్ చూస్తుంది, ఈ లైన్ చుట్టూ ఇదే ఫంక్షన్‌లో "ట్రై, ఎక్సెప్ట్" ఏమైనా ఉందా అని. లేదు. అయితే పూట డబ్బు ప్లేటు తీసి పక్కన పెట్టేస్తుంది, ఆ ఫంక్షన్ పని అయిపోయింది. ఇప్పుడు రైతు లెక్క ఆగి ఉన్న లైన్ దగ్గరికి వస్తుంది. జవాబు కోసం ఎదురుచూస్తున్న దానికి జవాబు బదులు ఎర్రర్ చేతిలో పడుతుంది. ఆ ఎర్రర్ ఇప్పుడు సరిగ్గా ఆ పిలిచిన లైన్లోనే పుట్టినట్టు లెక్క. అందుకే అన్నాను కదా, "నా ఫంక్షన్‌లో తప్పు లేదు" అనే మాట నిజమే, ఎర్రర్ మీ లైన్ చూపించడమూ నిజమే. మీరు పిలిచిన వాళ్లు దాన్ని మీ ఒళ్లో పడేసి వెళ్లిపోయారు.

రైతు లెక్కలోనూ పట్టుకునేవాళ్లు లేరు. ఆ ప్లేటూ తీసేయ్. బిల్లు దగ్గరికి వచ్చింది, అక్కడా లేరు. ఇక పైన ఇంకెవరూ లేరు కాబట్టి పైథాన్ తనే ఆ ఎర్రర్ అందుకుని, వచ్చిన దారంతా స్క్రీన్ మీద అచ్చేసి ప్రోగ్రామ్ ఆపేస్తుంది. ఇలా ప్లేట్లు ఒక్కొక్కటీ తీసుకుంటూ వెనక్కి రావడాన్ని స్టాక్ అన్‌వైండింగ్ అంటారు. దారిలో ఎక్కడైనా "ఫైనల్లీ" అని రాసి ఉంటే ఆ భాగం మాత్రం వెళ్తూ వెళ్తూ నడుస్తుంది. ఫైల్ మూసేయడం లాంటి సర్దుడు పనులకి అది.

ఒక చిన్న మెలిక ఉంది ఇక్కడ, చాలామంది దీన్ని మిస్ అవుతారు. ఎర్రర్ పైకి వెళ్లేది కోడ్ ఫైల్లో పైన రాసిన ఫంక్షన్ దగ్గరికి కాదు. ఈసారి ఎవరు పిలిచారో వాళ్ల దగ్గరికి. పూట డబ్బుని నేను రెండు చోట్ల వాడాను. బిల్లు వేసేటప్పుడు ఒకటి, పిన్ని ఫోన్లో "ఈరోజు మొత్తం ఎంత" అని చూసుకునేటప్పుడు ఇంకోటి. అదే ఫంక్షన్, అదే ఖాళీ గడి, అదే ఎర్రర్. కానీ ఒకసారి బిల్లు దగ్గరికి పోతుంది, ఇంకోసారి ఈరోజు మొత్తం దగ్గరికి పోతుంది. అది ముందే రాసి పెట్టి ఉండేది కాదు, నడిచేటప్పుడు తేలేది.

ఆ అచ్చేసిన దాన్ని ట్రేస్‌బ్యాక్ అంటారు కదా, మనవాళ్లు దాన్ని చూడగానే భయపడి స్క్రోల్ చేసేస్తారు. చేయకండి, అది రూట్ మ్యాప్. పైథాన్‌లో అయితే కింద నుంచి చదవండి. చిట్టచివరి లైన్లో ఏ ఎర్రరో ఉంటుంది, దాని పైన అది పుట్టిన చోటు, ఇంకా పైకి వెళ్లేకొద్దీ ఎవరు ఎవరిని పిలిచారో వస్తుంది. జావాలో తిరగేసి ఉంటుంది, పుట్టిన చోటు పైన వస్తుంది. ఒక ఎర్రర్‌ని పట్టుకుని దాన్ని ఇంకో ఎర్రర్‌లో చుట్టి పైకి పంపితే కింద "కాజ్డ్ బై" అని ఇంకో ముక్క ఉంటుంది. అసలు జబ్బు చాలాసార్లు చివరి కాజ్డ్ బైలోనే ఉంటుంది.

సరే, పిన్ని కథకి వద్దాం. పొద్దున్నే ఆరున్నరకి ఫోన్. "ఏరా, నీ ప్రోగ్రామ్ ఏదో ఎర్రగా ఇంగ్లీషులో తిడుతోంది, ఇక్కడ జనం నిలబడి ఉన్నారు." నేను నిద్రలో లేచి ల్యాప్‌టాప్ తెరిచాను. ఖాళీ గడి అని అర్థమైంది. ఏం చేశానో తెలుసా? పూట డబ్బు లోపల ఒక ట్రై పెట్టి, ఎక్సెప్ట్ అని రాసి, దాని కింద "రిటర్న్ జీరో" అని రాశాను. రెండు నిమిషాల పని. మళ్లీ నడిపితే ఎర్రర్ లేదు, బిల్లులన్నీ టకటకా వచ్చేశాయి. పిన్ని మెచ్చుకుంది కూడా.

మూడు రోజుల తర్వాత ఒక మామ్మ వచ్చింది. ఒక్క గేదె ఆమెకి. చేతిలో పాల పుస్తకం. "అమ్మాయ్, నాకు ఆరొందల చిల్లర తక్కువొచ్చింది, ఒకసారి చూడు" అని. పిన్ని పుస్తకం పక్కన పెట్టుకుని చేత్తో లెక్కేసింది. మూడు పూటలు, ఒక్కోటి 208, మొత్తం 624 రూపాయలు తక్కువ. కరెంటు పోయిన మూడు పూటలూ ఆమె పాలు పోసింది, నా ప్రోగ్రామ్ ఆ మూడింటికీ సున్నా వేసింది. ఆమె ఒక్కతే కాదు, ఆ పూటల్లో మెషీన్ ఆగాక పాలు పోసినవాళ్లందరికీ అంతే. మామ్మ లెక్క చూసుకుంది కాబట్టి అడిగింది. మిగతావాళ్లలో చాలామంది కంప్యూటర్ బిల్లు కదా, కరెక్టే ఉంటుందిలే అనుకుని డబ్బులు తీసుకుని వెళ్లిపోయారు. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మొదటిసారి ప్రోగ్రామ్ క్రాష్ అయినప్పుడు పిన్నికి చిరాకు వచ్చింది, ఒక గంట లేటయింది, అంతే నష్టం. ఎర్రర్ ఎర్రర్‌గానే పైకి వచ్చింది కాబట్టి మాకు తెలిసింది. రెండోసారి నేను దాన్ని అట్టడుగునే పట్టుకుని, దానికి అంకె వేషం వేసి పంపాను. సున్నా. రైతు లెక్కకి ఆ సున్నాని చూస్తే అనుమానం రాదు, ఎందుకంటే సున్నా కూడా అంకే. కూడికలో కలిసిపోయింది. బిల్లులోకి వెళ్లింది. కాగితం మీదకి వచ్చింది. మామ్మ చేతిలోకి వెళ్లింది. అంటే ఎర్రర్ నేను పట్టుకున్నాక కూడా ఆగలేదు. అదే దారిలో, అవే మెట్లు ఎక్కి వెళ్లింది. కాకపోతే ఈసారి దాన్ని ఎవరూ గుర్తుపట్టలేదు.

అయితే ఎక్కడ పట్టుకోవాలి? పూట డబ్బుకి ఏం తెలుసు? ఫ్యాట్ గడి ఖాళీగా ఉందని తెలుసు. ఎవరి పాలో తెలియదు, ఏ తేదీయో తెలియదు, ఖాళీ ఉంటే ఏం చేయాలో అసలే తెలియదు. రైతు లెక్కకి పేరు తెలుసు, తేదీ తెలుసు. ఏం చేయాలో తెలిసింది పిన్నికి. మెషీన్ పనిచేయకపోతే ఆ రైతుకి ముందు పూట వచ్చిన ఫ్యాటే వేస్తుందట, ఎప్పటి నుంచో వాళ్ల ఊళ్లో ఉన్న పద్ధతి. నన్ను అడిగి ఉంటే ఆరోజే చెప్పేది. అంటే కిందవాడికి ఏం తప్పు జరిగిందో తెలుసు, పైవాడికి ఏం చేయాలో తెలుసు. ఈ రెండూ ఒక చోట ఉండవు కాబట్టే ఎర్రర్‌ని పిలిచినవాళ్ల దగ్గరికి పంపే ఏర్పాటు చేశారు. దీన్ని శిక్ష అనుకోవద్దు, కబురు పంపడం అనుకోండి.

ఇది పాల కేంద్రంలో జరిగింది కాబట్టి 624 రూపాయల్లో పోయింది. ఇదే తంతు ఆకాశంలో జరిగిన కథ ఒకటి ఉంది. ప్రోగ్రామర్లకి బాగా తెలిసిన కథే, కానీ సగమే చెప్తుంటారు.

1996 జూన్ 4. దక్షిణ అమెరికాలో ఫ్రెంచ్ గయానా, కూరూ ప్రయోగ కేంద్రం. యూరప్ వాళ్ల కొత్త రాకెట్ ఏరియాన్ 5 మొదటిసారి ఎగురుతోంది. లోపల క్లస్టర్ అనే నాలుగు పరిశోధనా ఉపగ్రహాలు. దాదాపు 37 సెకన్లు అంతా బాగుంది. తర్వాత రాకెట్ ఉన్నట్టుండి పక్కకి వంగింది, గాలి ఒత్తిడికి విరిగింది, తనని తానే పేల్చేసుకుంది. అప్పటికి ఎత్తు దాదాపు 3,700 మీటర్లు. గణిత శాస్త్రవేత్త జాక్ లూయీ లియోన్స్ అధ్యక్షతన విచారణ బోర్డు వేశారు, జులై 19కల్లా రిపోర్టు వచ్చేసింది.

అందరూ చెప్పే సగం ఏంటంటే, పెద్ద అంకెని చిన్న డబ్బాలో పెట్టబోయారు అని. అది నిజమే. రాకెట్ ఎటు తిరిగి ఉంది, ఎంత వేగంతో పోతోంది అని చెప్పే ఒక కంప్యూటర్ ఉంటుంది. అందులో అడ్డంగా వెళ్లే వేగానికి సంబంధించిన ఒక విలువ 64 బిట్ల దశాంశ సంఖ్యగా ఉంది. దాన్ని 16 బిట్ల పూర్ణాంకంగా మార్చాలి. 16 బిట్లలో పట్టేది ఎక్కువలో ఎక్కువ 32,767. పాత ఏరియాన్ 4లో ఆ విలువ అంత పెరిగేది కాదు. ఏరియాన్ 5 దారి వేరు, అడ్డంగా వేగం చాలా త్వరగా పెరుగుతుంది. అంకె పట్టలేదు, ఎర్రర్ వచ్చింది. నా ఖాళీ గడి లాంటిదే అన్నమాట, మార్చలేని దాన్ని మార్చబోవడం.

చెప్పని సగం ఇప్పుడు. ఆ సాఫ్ట్‌వేర్ అడా భాషలో ఉంది, అడాలో ఎక్సెప్షన్ పట్టుకునే ఏర్పాటు శుభ్రంగా ఉంది. ఇలా పొంగిపోయే అవకాశమున్న విలువలు ఏడు ఉన్నాయని వాళ్లకి ముందే తెలుసు. నాలుగింటికి రక్షణ పెట్టారు. మూడింటికి పెట్టలేదు. కంప్యూటర్ మీద భారం 80 శాతం దాటకూడదని లక్ష్యం, పైగా ఆ మూడూ పెరగవులే అని లెక్క. పొంగింది ఆ మూడింట్లో ఒకటి. అక్కడ పట్టుకునేవాళ్లు లేరు కాబట్టి ఎర్రర్ పైకి వెళ్లింది. పైన ఒక రూల్ ఉంది. ఏ ఎక్సెప్షన్ వచ్చినా సరే, వివరాలు దాచిపెట్టి, ప్రాసెసర్‌ని ఆపేయాలి. ఎందుకు అలా రాశారంటే, తప్పు వచ్చిందంటే హార్డ్‌వేర్ పాడైందని వాళ్ల ఆలోచన. పాడైన పెట్టె ఆగిపోతే పక్కన ఇంకో పెట్టె ఉంది కదా, అది చూసుకుంటుంది. హార్డ్‌వేర్‌కి ఆ ఆలోచన కరెక్టే. కానీ పక్కనున్న పెట్టెలోనూ అదే సాఫ్ట్‌వేర్. అది ఒక క్షణం ముందే అదే కారణంతో ఆగిపోయి ఉంది.

ఆ తర్వాత జరిగింది చదివితే నాకు మామ్మ పాల పుస్తకమే గుర్తొస్తుంది. ఆగిపోతూ ఆ పెట్టె తన లోపలి పరిస్థితి చెప్పే బిట్లు కొన్ని బయటికి పంపింది. అది "నేను చచ్చిపోతున్నా" అనే కబురు. రాకెట్‌ని నడిపే అసలు కంప్యూటర్ దాన్ని కబురు అనుకోలేదు. రాకెట్ ఎటు తిరిగి ఉందో చెప్పే మామూలు అంకెలు అనుకుంది. అయ్యో, ఇంత పక్కకి తిరిగిపోయామా అని ఇంజన్ల నాజిల్స్‌ని చివరిదాకా వంచేసింది. రాకెట్ అప్పటిదాకా తిన్నగానే పోతోంది! ఎర్రర్ ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి దాటేటప్పుడు అంకె వేషం వేసుకుంది. నా సున్నా చేసిందీ అదే.

ఇంకా కడుపు మండే విషయం ఒకటుంది. ఆ లెక్క వేస్తున్న భాగం రాకెట్ నేల మీద ఉన్నప్పుడు మాత్రమే పనికొచ్చేది. పాత ఏరియాన్ 4 అవసరం కోసం ఎగిరాక కూడా 40 సెకన్ల దాకా నడిచేలా ఉంచారు. ఏరియాన్ 5కి ఆ అవసరమే లేదు. అంటే ఆ జవాబు ఎవరికీ అక్కర్లేదు. ఎవరికీ అక్కర్లేని ఒక లెక్కలో వచ్చిన ఎర్రర్, పట్టుకునేవాళ్లు లేక పైకి వెళ్లి, రాకెట్ మొత్తాన్ని దించేసింది. ఆ అంకెని గరిష్ఠం దగ్గర ఆపేసి ముందుకి పోయి ఉంటే సరిపోయేది. కొత్తగా తయారుచేసిన క్లస్టర్ ఉపగ్రహాలు నాలుగూ 2000లో రష్యా సోయుజ్ రాకెట్ల మీద, రెండేసి చొప్పున వెళ్లాయి.

చూశారా, నేను అట్టడుగునే నోరు మూసేశాను, వాళ్లు మరీ పైదాకా పోనిచ్చి అన్నిటికీ ఒకటే మందు వేశారు. రెండూ రెండు చివరలు. మధ్యలో ఎక్కడో, తప్పేంటో తెలిసి, ఏం చేయాలో కూడా తెలిసిన మెట్టు ఒకటి ఉంటుంది. అది ఏ మెట్టు అన్నది ఏ పుస్తకమూ చెప్పదు, మీ ప్రోగ్రామ్ దేనికోసమో తెలిస్తేనే దొరుకుతుంది.

ఇంకో దెబ్బ కూడా తిన్నాను, అది చెప్పకపోతే అన్యాయం. మొదటిరోజు క్రాష్ అయ్యింది అన్నాను కదా. అప్పటికే 19 మంది బిల్లులు డేటాబేస్‌లోకి రాసేసింది, ఇరవయ్యో రైతు దగ్గర పడిపోయింది. నేను సరిచేసి మళ్లీ మొదటి నుంచి నడిపాను. ఆ 19 మందికి రెండేసి బిల్లులు! ఎర్రర్ మెట్లు ఎక్కి వెళ్లిపోతుంది, దారిలో ప్లేట్లు తీసేస్తుంది, నిజమే. కానీ అప్పటికే బయట జరిగిన పనిని అది వెనక్కి తీసుకోదు. రాసిన ఫైల్ రాసినట్టే ఉంటుంది, పంపిన మెసేజ్ పంపినట్టే ఉంటుంది. దీనికి మందు ట్రాన్సాక్షన్. అయితే అన్నీ రాయాలి, లేకపోతే ఒక్కటీ రాయకూడదు. మీ ఫోన్లో యాప్‌లు చాలావరకు వాడే ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో ఇది ఉంది. పైథాన్‌లో కనెక్షన్ మీద "విత్" పెట్టి దాని లోపల రాస్తే, ఎర్రర్ ఆ గీత దాటి పైకి వెళ్లేటప్పుడు రాసిందంతా దానంతటదే రద్దయిపోతుంది.

మెట్లు లేని చోట్లు కూడా ఉంటాయి, జాగ్రత్త. ఆండ్రాయిడ్ యాప్‌లో ఒక బటన్ పెట్టి, "ఇది నొక్కితే ఈ ఫంక్షన్ నడుపు" అని అప్పజెప్తారు. ఆ అప్పజెప్పే లైన్ చుట్టూ ట్రై పెట్టారనుకోండి, పనికిరాదు. ఎందుకంటే యూజర్ బటన్ నొక్కేసరికి ఆ అప్పజెప్పిన ఫంక్షన్ ఎప్పుడో ఇంటికెళ్లిపోయింది, దాని ప్లేటు స్టాక్‌లో లేదు. ఇప్పుడు పిలిచింది ఆండ్రాయిడ్. ఈసారి ఎవరు పిలిచారో వాళ్ల దగ్గరికే ఎర్రర్ పోతుంది అన్నాను కదా, అదే రూల్. అందుకే ట్రై ఆ నొక్కినప్పుడు నడిచే ఫంక్షన్ లోపల ఉండాలి. పైథాన్‌లో వేరే థ్రెడ్ నడిపితే దాని స్టాక్ వేరే. అక్కడ ఎవరూ పట్టుకోని ఎర్రర్ వస్తే ట్రేస్‌బ్యాక్ అచ్చేసి ఆ థ్రెడ్ ఒక్కటే చచ్చిపోతుంది, మెయిన్ ప్రోగ్రామ్ ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంటుంది.

సీ భాషలో అయితే ఈ మెట్లెక్కే ఏర్పాటే లేదు. ఫంక్షన్ ఒక కోడ్ తిరిగి ఇస్తుంది, చూసుకుంటే చూసుకున్నావు, లేకపోతే లేదు. గో కూడా ఎర్రర్‌ని రెండో విలువగా చేతికిస్తుంది. రస్ట్‌లో చిన్న ప్రశ్నార్థకం గుర్తు పెడితే ఎర్రర్ పిలిచినవాళ్లకి పోతుంది, అంటే ఎక్కడ దాటుతోందో కోడ్‌లో కళ్లకి కనిపిస్తుంది. నాకు ఆ పద్ధతి నచ్చుతుంది. జావా కొన్ని ఎర్రర్లని పట్టుకోవాలి లేదా పైకి పంపుతున్నానని రాసి ఇవ్వాలి అని బలవంతం చేస్తుంది. ఆ బలవంతం భరించలేక ఖాళీ క్యాచ్ రాసేసినవాళ్లు ఎంతమందో! కాట్లిన్ ఆ బలవంతం తీసేసింది.

పిన్ని ప్రోగ్రామ్ ఇప్పుడు ఎలా ఉందంటే, పూట డబ్బులో ట్రై లేదు. రైతు లెక్క వాల్యూ ఎర్రర్ ఒక్కదాన్నే పట్టుకుంటుంది, రైతు పేరు, తేదీ, పూట కలిపి పైకి పంపుతుంది. బిల్లు వాటన్నిటినీ ఒక జాబితాగా చూపించి ఆగుతుంది. పిన్ని ఒక్కోదానికీ ఫ్యాట్ వేసి ఓకే అన్నాకే బిల్లులు డేటాబేస్‌లోకి వెళ్తాయి. "నిన్నటికంటే ఇదే నయంరా, కనీసం అడుగుతోంది" అంది. తక్కువొచ్చిన వాళ్లందరికీ తర్వాతి బిల్లులో కలిపాం. రెండు బిల్లులు పడినవి చేత్తో కొట్టేశాం, దానికే ఒక ఆదివారం పోయింది.

ల్యాప్‌టాప్ లేకపోయినా పర్లేదు, ఫోన్లో పైడ్రాయిడ్ వేసుకోండి. మూడు ఫంక్షన్లు రాయండి, ఒకటి ఇంకోదాన్ని పిలిచేలా. అట్టడుగున ఖాళీ మాటని ఫ్లోట్‌గా మార్చండి. ప్రతి ఫంక్షన్ మొదట్లో ఒక ప్రింట్, చివర్లో ఒక ప్రింట్ పెట్టండి. నడిపితే మొదటి ప్రింట్లు మూడూ వస్తాయి, చివరివి ఒక్కటీ రాదు. ఇప్పుడు మధ్య ఫంక్షన్లో ట్రై పెట్టి చూడండి, ఏ ప్రింట్లు తిరిగొచ్చాయో. తర్వాత ఆ ఎక్సెప్ట్ తీసేసి, ఫైనల్లీ పెట్టి, దాని లోపల ఒక రిటర్న్ రాయండి. ఎర్రర్ ఏమైంది? చప్పుడు లేకుండా మాయమైపోతుంది. పైథాన్ 3.14 నుంచి అలా రాస్తే వార్నింగ్ కూడా ఇస్తోంది, పాత వెర్షన్లలో అదీ లేదు. ఎందుకు మాయమైందో ప్లేట్ల బొమ్మ గీసుకుని ఆలోచించండి, వచ్చే ఎపిసోడ్ అక్కడి నుంచే మొదలుపెడదాం. ఉంటాను మరి.